ఒకే పొయ్యి నిబంధన

ఇంటి నుంచి, ముందు గదిలో, కిటికీలన్నీ బిగించుకుని

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను, నా చెవులే బాగాలేవు. మా వీధి చివర ఆకుపచ్చ గేటు ఇల్లు నీకు తెలుసు కదా. దాని యజమాని ఊరు మారుతూ ఆ ఇంటిని కాలేజీ కుర్రాళ్లకు అద్దెకిచ్చి చక్కా పోయాడు. వాళ్లలో ఒకడికి డ్రమ్ములున్నాయి. ఒకటీ అరా కాదు, గది నిండా ఉన్నాయట. పొద్దున్నే మొదలు పెడతాడు. మధ్యాహ్నం కాస్త విశ్రాంతి ఇస్తాడు గానీ అది మా మీద జాలితో కాదు, చేతులు నొప్పి పుట్టి. సాయంత్రం మళ్లీ మామూలే. ఉద్యోగమంతా మగవాళ్ల వార్డులో హెడ్ నర్సుగా చేసినదాన్ని. కాళ్లు విరిగినవాళ్ల కేకలు విన్నాను. అవే నయం, వాటికొక కారణం ఉండేది.

మొన్న వీధి సంఘం సమావేశం పెట్టింది. ఎదురింటి పళ్ల డాక్టరే కార్యదర్శి. నోరు తెరిచి పడుకున్నవాళ్లతో మాట్లాడీ మాట్లాడీ, ఎదుటి మనిషి కూడా ఏదో ఒకటి అంటాడన్న సంగతే ఆయన మర్చిపోయాడు. గంటసేపు ఆయనే మాట్లాడాడు. "ఇది కాపురాలుండే వీధి. హాస్టళ్ల వీధి కాదు. మునిసిపాలిటీ చేత గట్టి నిబంధన ఒకటి పెట్టిస్తే గానీ వీళ్లు కదలరు" అన్నాడు. అందరూ తలలూపారు. తీరా ఆ నిబంధన ఎలా రాయాలంటే ఒక్కరికీ తెలియదు. అప్పుడు నేను లేచి, "మా తమ్ముడు ప్లానింగు ఆఫీసులో ఇలాంటివే రాస్తాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు ఇంకేమీ రాయలేదు" అన్నాను. పళ్ల డాక్టరు మొదటిసారి నోరు మూసుకుని నా వంక చూశాడు.

కాబట్టి నా పరువు నీ చేతిలో ఉంది. గట్టిగా రాసి పంపు. చీమ దూరే సందు కూడా ఉండకూడదు.

మరదలిని అడిగానని చెప్పు.

అక్క

ప్లానింగు ఆఫీసు నుంచి, రెండో అంతస్తు, ఫ్యాను తిరగని గది

అక్కయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివాక నాకు ఎంత హుషారు వచ్చిందో చెప్పలేను. ఇక్కడ నేను ఒక వాక్యం రాస్తే, పై అధికారులు తలా ఒక "అయితే" చేర్చి, చివరికి ఆ వాక్యం ఎటు పోతోందో దానికే తెలియకుండా చేస్తారు. ఇన్నేళ్లకు నాకు నచ్చినట్టు రాసుకునే భాగ్యం కలిగించావు. ఆదివారమంతా కూర్చుని రాశాను. ఇందులో పెడుతున్నాను, మీ డాక్టరుగారికి ఇవ్వు.

అసలు ముక్క ఇది: "నివాస ప్రాంతంలోని ఏ ఇంట్లోనైనా, ఒకే కుటుంబానికి చెందని వ్యక్తులు ముగ్గురికి మించి నివసించరాదు. ఇంటి యజమాని కూడా ఈ లెక్కలోకి వచ్చును."

ఆ రెండో వాక్యం చూశావా? మామూలు వాళ్లు అది రాయరు. అప్పుడేమవుతుంది? యజమాని ముందు గదిలో మడత కుర్చీ వేసుకుని కూర్చుని, వెనకంతా స్టూడెంట్లతో నింపేస్తాడు. ఆ దారి మూసేశాను. "చుట్టాలు, తెలిసినవారి పిల్లలు, చదువు కోసం వచ్చిన అతిథులు అను సాకులు చెల్లవు" అని ఇంకొకటి బిగించాను. చీమ కాదు, చీమ నీడ కూడా దూరదు. ఉద్యోగంలో ఇంతకంటే మంచి పని నేను చెయ్యలేదు.

అన్నట్టు బావగారు పోయాక పై అంతస్తు మూసి ఉంచావు, అది చాలా మంచి పని. ఎవరెంత బతిమాలినా అద్దెకివ్వకు. ఒంటరిగా అనిపిస్తే వచ్చి మా దగ్గరే ఉండు, నీకొక గది ఎప్పుడూ సిద్ధమే. మీ మరదలు ఎప్పుడూ ఇంట్లో పైన కుట్టుపనిలోనే ఉంటుంది.

తమ్ముడు

ఇంటి నుంచి, వరండాలో, అందరికీ కనబడేలా కూర్చుని

తమ్ముడికి ఆశీస్సులు. నీకు వెయ్యేళ్లు.

నిబంధన పాసైంది! కౌన్సిల్లో మా వార్డు మెంబరు పైకి చదివాడట. ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదట, దాంతో ఎవరూ అడ్డు చెప్పలేదు. ఒక్క అక్షరం మార్చకుండా నువ్వు రాసింది రాసినట్టే ఒప్పుకున్నారు. పళ్ల డాక్టరు వీధిలో నడిమధ్య నిలబడి నాకు నమస్కారం పెట్టాడు. ఎప్పుడొచ్చినా పళ్లు ఉచితంగా శుభ్రం చేస్తానన్నాడు. నా పళ్లకేం రోగం, నిక్షేపంగా ఉన్నాయి అన్నాను.

త్వరలో ఇన్‌స్పెక్టరు వీధంతా తనిఖీ చేస్తాడట. ఆ డ్రమ్ముల వాడు మూట కట్టుకునే వేళ చూడాలని ఇప్పటి నుంచే వరండాలో కుర్చీ వేసుకున్నాను.

పై అంతస్తు గురించి రాశావు. పై అంతస్తు బాగానే ఉంది.

అక్క

ఇంటి నుంచి, మెట్ల మీద

ఒరేయ్,

ఆశీస్సులు తర్వాత. కొంప ముంచావు కదరా!

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. తిన్నగా ఆకుపచ్చ గేటు ఇంటికే వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను, వేడుక చూద్దామని. "ఎంతమంది ఉంటున్నారు?" అన్నాడు. "ముగ్గురం సార్" అన్నారు. గదులన్నీ వెతికాడు. ముగ్గురే! ముప్ఫైమంది చప్పుడు, మనుషులు ముగ్గురు. "అయితే సరే బాబూ, బాగా చదువుకోండి" అని భుజం తట్టి మరీ వచ్చేశాడు.

తిరిగొస్తూ మా మేడ మీద తీగకు ఆరేసిన బట్టలు చూశాడు. ఆగాడు.

"ఈ ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?"

"నేనూ, పిల్లలూ."

"మీ పిల్లలా?"

"మా పిల్లలే."

"అంటే మీరు కన్నవాళ్లా?"

అబద్ధం ఆడటం నాకు రాదు. తిన్నగా చెప్పలేదంతే. "నా వయసు చూసి అడగండి, వాళ్లు చదువుకునే పిల్లలు" అన్నాను. అతను జేబులోంచి కాగితం తీసి నీ నిబంధన నాకే చదివి వినిపించాడు. "యజమాని కూడా ఈ లెక్కలోకి వచ్చును" దగ్గర నా వైపు చూపుడువేలు పెట్టాడు. నలుగురు పిల్లలు, నాతో కలిపి అయిదుగురు. నెలాఖరుకు ఖాళీ చేయించాలని నోటీసు ఇచ్చి పోయాడు.

అవునురా, పై అంతస్తు అద్దెకిచ్చాను. రెండేళ్లయింది. నీకు చెబితే నిబంధనలు చదువుతావని చెప్పలేదు. నలుగురూ ఆడపిల్లలే. ఒకతె లా చదువుతోంది, లాయరమ్మ అంటాం. ఇంకొకతె పశువుల డాక్టరమ్మ, దాని పుస్తకాల్లో ఆవు పొట్ట బొమ్మలు చూస్తే తిన్నది ఇమడదు. మూడోది లెక్కల పిల్ల, తలుపు తోయాలా లాగాలా అని కూడా ఆలోచించి గానీ తెరవదు. నాలుగోది పొడుగమ్మాయి, ఏం చదువుతుందో నాకింకా సరిగ్గా తెలియదు గానీ బల్బులు మార్చడానికి దానికి స్టూలు అక్కర్లేదు. నోట్లో నాలుక లేని పిల్లలు. వచ్చే నెలలో పరీక్షలు. ఇప్పుడు వాళ్లనెక్కడికి పొమ్మంటావు? నువ్వు రాసిన ఘనమైన నిబంధన దెబ్బకు కాలేజీ చుట్టుపక్కల ఒక్క గది దొరకడం లేదు.

సమావేశంలో స్టూడెంట్ల మీదికి నువ్వే లేచావు కదా, వీళ్లు గుర్తు రాలేదా అంటావు. రాలేదురా. ఒట్టు. స్టూడెంట్లంటే డ్రమ్ములు వాయించేవాళ్లు అనుకున్నాను. వీళ్లు మన పిల్లలు.

ఏదో ఒకటి చెయ్యి. వీళ్లు వెళ్లిపోతే నేనీ ఇంట్లో ఉండలేను. నీ దగ్గరికి వచ్చేస్తాను. అది నీకూ మంచిది కాదు.

అక్క

ప్లానింగు ఆఫీసు నుంచి, తలుపు గడియ పెట్టుకుని

అక్కయ్యకు నమస్కారాలు.

రెండేళ్లు! తోడబుట్టిన తమ్ముడి దగ్గర రెండేళ్లు దాచావు. "పై అంతస్తు బాగానే ఉంది" అని రాసినప్పుడు నీ కలం ఆగలేదా? నేను దాని గురించి ఇంతకంటే ఎక్కువ మాట్లాడను. ఆఫీసులో కోపం తెచ్చుకుంటే బీపీ పెరుగుతుంది.

రాత్రుళ్లు కూర్చుని నా నిబంధనలో సందు కోసం వెతికాను. అక్కా, చెప్పకూడదు గానీ అది చాలా బాగా రాశాను. ఎటు నుంచి వెళ్లినా గోడే తగులుతోంది. ఒకచోట కాస్త వదులు కనబడింది, తీరా చూస్తే అక్కడ నేనే ముందుగా ఆలోచించి ఒక మేకు కొట్టి ఉంచాను. నా తెలివిని నేనే తిట్టుకోవాల్సి వచ్చింది.

అయితే ఒక్కటుంది. నేను రాసి పంపిన ఆ కాగితానికి వెనక వైపు కూడా ఉంది. అక్కడ నిర్వచనాలుంటాయి. నిర్వచనాలు ఎవరూ చదవరు. "కుటుంబము అనగా రక్తసంబంధము వలన గాని, వివాహము వలన గాని, లేక ఒకే పొయ్యి మీద వండుకుని కలిసి తినుట వలన గాని ఏర్పడినది."

ఆ చివరి ముక్క మర్చిపోయి పెట్టింది కాదు. రక్తం, పెళ్లి అని రాసి చుక్క పెట్టబోతుంటే పెద్దమ్మ గుర్తొచ్చింది. మనింట్లో చివరిదాకా ఉన్న పెద్దమ్మ. ఆవిడ మనకేమవుతుందని చిన్నప్పుడు అమ్మని అడిగితే "మనమనిషి అవుతుంది" అనేది. పెద్దయ్యాక తెలిసింది, మనకూ ఆవిడకూ చుట్టరికమే లేదని. ఆవిడని బయట నిలబెట్టే నిబంధన రాయడానికి నాకు చెయ్యి రాలేదు. మేం వేరు కాదు, ఒకే కుటుంబం అని మునిసిపాలిటీకి అర్జీ పెట్టు. ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు. ఒకే పొయ్యి అని నమ్మాడా, నలుగురు కాదు నలభై మంది ఉన్నా అడిగేవాడు లేడు.

మీ ఇంట్లో ఉన్నది ఒకే పొయ్యి కదా?

తమ్ముడు

ఇంటి నుంచి, వంటింటి గుమ్మం బయట

తమ్ముడికి ఆశీస్సులు.

ఒకే పొయ్యా? అయిదు ఉన్నాయి! నా గ్యాసు పొయ్యి కాక, పైన ఒక్కో పిల్లకు ఒక్కో కరెంటు పొయ్యి నేనే కొనిచ్చాను. ఎందుకంటావా? నా వంటింట్లోకి ఎవరూ రాకుండా. నా సంగతి నీకు తెలియనిదా? ఆ గది నాకు ఆపరేషన్ థియేటరు లెక్క. మీ బావ ఉన్నన్నాళ్లూ గుమ్మం దగ్గరే నిలబడి టీ గ్లాసు అందుకున్నారు. ఒక్కసారి కాలు లోపల పెట్టబోయి నా మొహం చూసి వెనక్కి తీశారు.

అర్జీ పెట్టాను. నాలుగు కరెంటు పొయ్యిలూ అటక మీదికెక్కించాం. పొడుగమ్మాయి నిలబడే ఎక్కించింది. తర్వాత పిల్లలందరినీ పిలిచి, "ఇవాళ్టి నుంచి అందరం ఇక్కడే వండుకుంటాం. రండి" అన్నాను. ఆ "రండి" అనడానికి ఎంత కష్టపడ్డానో ఎవరికీ తెలియదు. నలుగురూ చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, గోడకు ఆనకుండా వరసగా నిలబడ్డారు, టీకాలు వేయించుకోవడానికి వచ్చినట్టు. లెక్కల పిల్ల గరిటె ఎక్కడ పెట్టాలో అడిగి పెట్టింది. నేను ఊపిరి బిగబట్టి చూస్తూ నిలబడ్డాను. అది పెట్టిన చోటు తప్పు. తర్వాత ఎవరూ చూడకుండా మార్చుకున్నాను.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజుకు అన్నీ నేర్పించాను. కలిసి కూర్చోవాలి, కలిసి తినాలి, ఒకరినొకరు పలకరించుకోవాలి. అతను సరిగ్గా భోజనాల వేళకే వచ్చాడు. మేం కూర్చున్నాం. లాయరమ్మ, "ముందు మీరు వడ్డించుకోండి" అంది. పశువుల డాక్టరమ్మ, "అబ్బే, ముందు మీరు" అంది. "కూర ఎంత బాగుందండీ" అంది పొడుగమ్మాయి. "ధన్యవాదాలు" అన్నాను నేను. నీళ్ల చెంబు బల్ల చుట్టూ తిరిగింది గానీ ఒక్కరూ నీళ్లు పోసుకోలేదు, అందరూ పక్కవాళ్లకిస్తున్నారు.

ఇన్‌స్పెక్టరు చాలాసేపు చూశాడు. తర్వాత, "అమ్మా, ఏమీ అనుకోకండి. ఇంత మర్యాద నేను హోటళ్లలో కూడా చూడలేదు. ఇంట్లో మనుషులు ఇలా ఉండరు" అన్నాడు. ఇంకోసారి వచ్చి చూసి తేలుస్తానని, అప్పుడు ఫిర్యాదు చేసినవాళ్ల తరఫున పళ్ల డాక్టరు కూడా వస్తాడని చెప్పి వెళ్లిపోయాడు.

పిల్లలు ఏడుపు మొహాలు పెట్టుకుని పైకెళ్లారు. నాకు భయంగా ఉందిరా. నువ్వూ మరదలూ ఇన్నేళ్లుగా కాపురం చేస్తున్నారు కదా. చూడగానే ఒక ఇంటివాళ్లని తెలియాలంటే మనుషులు ఏం చేస్తారో కాస్త చెప్పు.

అక్క

మా ఇంటి నుంచి, కింది అంతస్తు

అక్కయ్యకు,

మొదట నీకొక పేజీ సలహాలు రాశాను. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి మరీ రాశాను. మళ్లీ చదువుకుని చింపేశాను. కాపురం గురించి నన్నడక్కు.

మా ఇంట్లో రెండు పొయ్యిలున్నాయి. మీ మరదలు పైన వండుకుంటుంది, నేను కింద. గొడవేమీ లేదు, అదే చెబుతున్నాను. డాక్టరు నన్ను ఉప్పు తగ్గించమన్నాడు, విడిగా వండుకుంటే సులువని ఇద్దరం అనుకున్నాం. తర్వాత తినే వేళలు మారాయి. తర్వాత కుట్టు మిషను పైకి వెళ్లింది, దాని వెనకే రేడియో వెళ్లింది. ఇప్పుడు మెట్ల దగ్గర ఎదురుపడితే నేను "ముందు నువ్వు వెళ్లు" అంటాను, తను "పర్లేదు, మీరు రండి" అంటుంది. నీ భోజనాల బల్ల దగ్గర ఇన్‌స్పెక్టరు చూసిన మర్యాద ఉందే, సరిగ్గా అదే.

ఆ నిర్వచనం రాసిన ఆదివారం కూడా కింద నేనొక్కణ్నే గుడ్డు ఉడకబెట్టుకుని తిన్నాను. ఆఫీసు భాష కాబట్టి అప్పుడేమీ అనిపించలేదు. ఇప్పుడు నీ పిల్లల కోసం పదేపదే చదువుతుంటే అనిపిస్తోంది. నాకు చాలా దిగులుగా ఉంది అక్కా.

ఇది నీకు తప్ప ఎవరికీ తెలియదు.

తమ్ముడు

ఇంటి నుంచి, హడావుడిలో

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నిన్ను తిట్టడానికి చాలా ఉంది గానీ రేపే ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు, తీరిక లేదు.

ఒక్కటి మాత్రం చెప్పు. నాకొక గది ఎప్పుడూ సిద్ధమేనని మొదటి ఉత్తరంలో రాశావే, ఆ గది ఎక్కడరా? రెండు పొయ్యిలకూ మధ్యనా? నేను వస్తే ఏ అంతస్తులో తినాలి?

పిచ్చివాడా. నాకైనా చెప్పొద్దూ.

అక్క

ఇంటి నుంచి, వంటింట్లోంచే రాస్తున్నాను

తమ్ముడికి అక్క ఆశీస్సులు, ఈసారి మనసారా.

ముందు జరిగింది విను. ఇన్‌స్పెక్టరు పదకొండింటికి వస్తానన్నాడు. పిల్లలకు మళ్లీ పాఠాలు చెప్పాను. ఈసారి "అండీ" అనకూడదు, ధన్యవాదాలు చెప్పకూడదు అని వల్లె వేయించాను. అంతా ముందు గదిలో కూర్చుని ఎదురు చూస్తున్నాం. ఇన్‌స్పెక్టరూ పళ్ల డాక్టరూ గుమ్మంలోకి అడుగు పెట్టారు. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి మాడు వాసన గుప్పుమంది.

పాలు! లెక్కల పిల్ల పొయ్యి మీద పాలు పెట్టి, ఏదో లెక్క తెగిందని పైకి పోయి, పాల సంగతి మర్చిపోయి కిందికొచ్చి కూర్చుంది. నేను పరిగెత్తాను. నా గిన్నె, నా పెళ్లినాటి గిన్నె, అడుగు బొగ్గయింది. ఇన్‌స్పెక్టరు ఉన్న సంగతే మర్చిపోయాను. "నీకు బుద్ధుందా? లెక్కలు రాకపోతే ఫెయిలవుతావు, పాలు పొంగితే కొంప కాలుతుంది!" అని అరిచాను. "నేనా? తర్వాతి వంతు దానిది, చూడమని చెప్పి వెళ్లాను" అని అది పశువుల డాక్టరమ్మ మీదికి తోసింది. "నాకు చెప్పావా? గాలికి చెప్పావు!" అని అది లేచింది. లాయరమ్మ మధ్యలో దూరి, "ఎన్నింటికి చెప్పావు? ఎవరు విన్నారు? సాక్షి ఎవరు?" అని ఇద్దరినీ నిలదీసింది. "నువ్వు నోర్ముయ్, నిన్న నా టవల్‌తో పొయ్యి తుడిచింది నువ్వే" అని ఇద్దరూ ఒక్కటై దాని మీద పడ్డారు.

నేను అందరినీ కలిపి తిడుతుంటే పొడుగమ్మాయి, రెండేళ్లలో నా ఎదుట గొంతు పెంచని పిల్ల, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "మీరు మాత్రం? మొన్న నేను పొయ్యి మీద పెట్టిన కూర మాడ్చి, నేను చూడకుండా పెరట్లో కప్పెట్టలేదా? నేను పై నుంచి చూశాను!" అంది. నిజమే మరి.

ఇన్‌స్పెక్టరు ఒక మూల నిలబడి ఉన్నాడు. లాయరమ్మ అతని వైపు తిరిగి, "మీరే చెప్పండి సార్. మాడిన గిన్నె నానబెట్టాలా, వెంటనే తోమాలా?" అంది. అతను ఆలోచించలేదు, ఠక్కున, "నానబెట్టాలి. మా ఆవిడ వెంటనే తోమాలంటుంది. ఎన్నేళ్లు చెప్పినా వినదు!" అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

పళ్ల డాక్టరు అవకాశం దొరికింది కదా అని ముందుకొచ్చాడు. "చూశారా ఇన్‌స్పెక్టరుగారూ, ఎంత గోలో! ఇది ఇల్లేనా?"

"ఇల్లు కాకపోతే మరేంటి సార్?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

తర్వాత గిన్నె నానబెట్టాం. వేరే గిన్నెలో మిగిలిన పాలతో టీ కాచి అందరం తాగాం, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. పశువుల డాక్టరమ్మ లెక్కల పిల్లకు తన బిస్కట్టు విరిచిచ్చింది. అది తీసుకుని ధన్యవాదాలు చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు అది కూడా చూశాడు.

నిన్న ఆర్డరు వచ్చింది. నీలాంటివాడే ఎవరో రాసినట్టున్నాడు, నకలు ఇందులో పెడుతున్నాను. "సదరు గృహవాసులు ఒకే పొయ్యిని వాడుచున్నారు. సదరు పొయ్యి విషయమై నా సమక్షంలో తగవులాడుకున్నారు. తగవు పిమ్మట కలిసి టీ తాగినారు. కావున వీరు ఒకే కుటుంబమని నిర్ధారించడమైనది." చదివి పిల్లలు నన్ను పట్టుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఆ తర్వాత నా మాట వినడం మానేశారు. గరిటెలన్నీ వాళ్లకిష్టమైన చోట పెడుతున్నారు. కూరలో కారం ఎక్కువైందని మొహం మీదే అంటున్నారు. ఆపరేషన్ థియేటరు ఎప్పుడో పోయింది, ఇప్పుడిది జనరల్ వార్డు.

ఆ డ్రమ్ముల వాడి సంగతి కూడా చెప్పాలి. పరీక్షలకు చదువుకోలేకపోతున్నాం అని పిల్లలు అంటే, నేనే వెళ్లి తలుపు కొట్టి, "బాబూ, కాస్త ఆపుతావా?" అన్నాను. "అయ్యో, వినబడుతోందా ఆంటీ? ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదే" అన్నాడు. అంతే, ఆపేశాడు. వీధి మొత్తం కలిసి నిబంధన పెట్టించాం గానీ ఒక్కరం వెళ్లి అడగలేదు.

ఇక నీ సంగతి. ఆ ఆర్డరు మరదలికి చదివి వినిపించు. నీ ఆఫీసు గొంతుతో కాదు, మనిషిలా చదువు.

అక్క

మా ఇంటి నుంచి, మెట్ల మధ్యలో

అక్కయ్యకు నమస్కారాలు.

నీ పిల్లలు నీ ఇంట్లోనే నిలిచారు, చాలా సంతోషం. ఆఫీసులో నా పక్క సీటువాడికి కూడా చెప్పాను. ఇక్కడి సంగతి రాస్తాను.

నువ్వు చెప్పినట్టే ఆర్డరు పట్టుకుని పైకి వెళ్లాను. తను మిషను దగ్గర కూర్చుని ఉంది. "చదవనా?" అన్నాను. "మీ ఇష్టం" అంది. చదివాను. తగవు దగ్గర తను నవ్వింది. చివరికొచ్చేసరికి నవ్వు పోయింది. "అయితే మనమేంటి?" అంది.

నాకు అలవాటైన జవాబే వచ్చింది. "నిర్వచనం ప్రకారం మనం రెండు కుటుంబాలు" అన్నాను.

"ఆ నిర్వచనం రాసిందెవరు?" అని తను లేచింది. ఇంక చూడు. "ఉప్పు మానమన్నది మిమ్మల్ని, నన్ను కాదు. నన్నెందుకు పైకి పంపారు?" అంది. "నేను పంపానా? నువ్వే రేడియోతో సహా వెళ్లావు" అన్నాను. "రేడియో తీసుకెళ్తుంటే ఎక్కడికి అని అడిగారా?" అంది. "అడిగితే ఏమనుకుంటావో అని అడగలేదు" అన్నాను. "మీరు అడుగుతారనే కదా మెట్టు మెట్టుకూ ఆగుతూ వెళ్లాను!" అంది. అక్కా, తప్పు నాదేనని అప్పుడే తెలిసింది. అయినా ఓడిపోకూడదని ఇంకా గట్టిగా అరిచాను. పక్కింటాయన తలుపు కొట్టి ఏమైందని అడిగాడు. ఏమీ కాలేదు, మా ఇంటి విషయం అని ఇద్దరం ఒకేసారి చెప్పాం.

చాలా బాగా పోట్లాడుకున్నాం. ఎన్నాళ్లయిందో.

తర్వాత తన పొయ్యి, దాని బల్లతో సహా, కిందికి దించుదామన్నాను. సగం మెట్ల దాకా వచ్చి ఇరుక్కుంది. ఎడమకు తిప్పాలని నేను, కుడికి తిప్పాలని తను. మళ్లీ తగవు. ఇప్పుడు ఇద్దరం అలిసిపోయి మెట్ల మీద కూర్చున్నాం. ఈ ఉత్తరం ఆ పొయ్యి మీద కాగితం పెట్టుకునే రాస్తున్నాను. తప్పు నాదే అని ఇంకా ఒప్పుకోలేదు గానీ, ఒప్పుకునే ఉద్దేశం ఉంది. తను కాగితం లాక్కుంటోంది.

తమ్ముడు

వదినగారికి నమస్కారం. ఈయన రాసింది నమ్మకండి, ఎక్కువ అరిచింది ఈయనే. పొయ్యి కుడికి తిప్పితే ఇట్టే దిగుతుంది, నాకు తెలుసు. కానీ ఈ మెట్లు ఇరుకు, ఇద్దరం పక్కపక్కనే సర్దుకుని కూర్చోవాల్సి వచ్చింది. అందుకని కాసేపు ఉండనిస్తున్నాను.

మీ మరదలు